అపవాదాలు కాని అపవాదాలు: ఫ్రెంచి క్రియలలో అక్షర విభజన, ఊనిక

ఫ్రెంచి క్రియారూపాలలో ధాతువులోని అచ్చు మారడాన్ని అపవాదాల పట్టికకు చేర్చి విద్యార్థుల చేత వల్లెవేయించడం బోధనలో స్థిరపడిన పద్ధతి. ఫ్రెంచిలో ఊనిక ఎప్పుడూ చివరి అక్షరం మీదనే పడుతుంది కనుక రూపభేదానికి దానితో సంబంధం లేదన్న వాదం ఈ పద్ధతికి ఆధారం. ఈ వాదంలోని హేతువు పాక్షిక సత్యం, నిర్ణయం అసత్యం.

నేటి ఫ్రెంచిలో ఊనిక పదానిది కాదు, పదబంధానిది. ఒంటరి 'ద్వా' మీద పడే ఊనిక, 'జ ద్వా పార్తీర్' (నేను వెళ్లాలి) అన్నప్పుడు 'తీర్' మీదికి పోతుంది. అయినా 'ద్వా' మారదు. అందువల్ల 'ద్వా–దవోఁ' భేదానికి నేటి ఊనిక కారణం కాదు. కారణం లాటిన్‌లో ఉంది. 'దేబెత్'లో ఊనిక ధాతువు మీద, 'దేబేముస్'లో దాని తరువాతి అచ్చు మీద పడింది. ఊనిక పొందిన అచ్చు ద్విస్వరమైంది, పొందనిది క్షీణించింది. 'వెనిత్', 'వెనీముస్'ల నుంచి వచ్చిన 'వ్యేఁ', 'వనోఁ'లదీ ఇదే చరిత్ర. 'ప్రేమించు' అనే అర్థం గల క్రియకు కూడా పూర్వం 'అమత్', 'అమాముస్'ల నుంచి రెండు ధాతురూపాలు ఏర్పడ్డాయి. తరువాత సాదృశ్యం వాటిని 'ఎమ్', 'ఎమోఁ'లుగా ఏకం చేసింది. అంటే నేడు క్రమంగా కనబడేది తరువాతి దిద్దుబాటు. అపవాదమని పేరుపడినదే పాత క్రమం.

అయితే అన్ని భేదాలనూ చరిత్రకే అంటగట్టడం కూడా పొరపాటే. 'లెవ్–లవోఁ' భేదానికి నేటి అక్షర నిర్మాణమే ఆధారం. హల్లుతో ముగిసే అక్షరంలో 'ఎ' నిలుస్తుంది; ఆ హల్లు 'ల-వోఁ' అని తరువాతి అక్షరానికి జరిగితే అచ్చు బలహీనమవుతుంది. 'లెవ్-త్వా' (లే) అన్నప్పుడు ఊనిక 'త్వా' మీద ఉన్నా 'లెవ్' చెక్కుచెదరదు.

ఈ విభజన లిపిలో కనబడదు. 'లెవ్' రాతలో రెండు అక్షరాలు, మాటలో ఒకటి. సంప్రదాయ ఫ్రెంచి పద్యంలో హల్లుకు ముందు వస్తే మళ్లీ రెండు. తెలుగు ఛందస్సు చదివినవారికి ఇది కొత్త కాకూడదు. 'సత్యము'ను 'స-త్య-ము' అని రాసినా, 'త్' ముందరి అక్షరాన్ని మూయడం వల్లనే 'స' గురువైంది. లిపిలోని అక్షరాన్నీ ఉచ్చారణలోని అక్షరాన్నీ ఒకే పేరుతో పిలిచి, ఒకటిగానే భావించే అలవాటు ఈ సామ్యాన్ని మరుగుపరుస్తున్నది.

కాబట్టి ప్రతి రూపభేదం ముందూ వేయవలసిన ప్రశ్న ఒకటే: ఇది గతించిన ఊనిక మిగిల్చిన గుర్తా, నేటి అక్షర నిర్మాణ ఫలితమా? ఆ ప్రశ్న వేయని వ్యాకరణం పట్టికలను ఇవ్వగలదే గాని భాషను వివరించలేదు.