ఎలుకల నివారణకు ముందు జాతి నిర్ధారణ అవసరం

మూసీ నది కృష్ణలో కలిసే వాడపల్లి ప్రాంతంలో రెండు రకాల సేద్యం పక్కపక్కనే సాగుతున్నది. నాగార్జునసాగర్ ఎడమ కాలువ నీరందే చోట వరి, అందని మెట్టలో కంది, పత్తి. ఈ రెండు చోట్లా గట్టున కన్నం కనిపించగానే మనం చేసే సిఫారసు మాత్రం ఒక్కటే: విషపు ఎర. ఈ అలవాటును పునఃపరిశీలించుకోవాలి.

థార్ ఎడారిలోని చిన్న క్షీరదాలపై జోధ్‌పూర్ కేంద్ర శుష్క మండల పరిశోధనా సంస్థలో ఈశ్వర్ ప్రకాశ్ ప్రభృతులు దశాబ్దాలపాటు జరిపిన అధ్యయనాలు మనకు మార్గదర్శకాలు. అక్కడి జెర్బిల్ ఎలుకలు కాలాన్ని బట్టి గింజలు, పచ్చి ఆకులు, పురుగుల మధ్య ఆహారాన్ని మార్చుకుంటాయి. ఎడారికి కాలువ నీరు చేరాక తేమ నేలలను ఇష్టపడే జాతులు వ్యాపించాయి. అంటే నీటి వసతి మారితే పైరే కాదు, దానిని తినే జీవి కూడా మారుతుంది. 1967లో సాగర్ కాలువలకు నీరు వదిలిన నాటి నుంచి మన ఆయకట్టులో జరిగిన మార్పునూ ఈ దృష్టితోనే చూడాలి.

వరి గట్లలో ప్రధాన శత్రువు పందికొక్కు. ఆంగ్లంలోని 'బాండికూట్' పదం ఈ తెలుగు మాట నుంచి పుట్టినదే. ఇది వెన్నులు కొరికి కలుగులో నిల్వ చేస్తుంది; కలుగు నోటిని తాజా మట్టితో మూసివేస్తుంది. మెట్ట నేలల జెర్బిల్ కన్నాలు సాధారణంగా తెరిచే ఉంటాయి. చిట్టెలుక కన్నం చాలా చిన్నది. ఇక చుంచు అసలు ఎలుక జాతికే చెందదు. దాని ముఖ్యాహారం పురుగులు. రైతు భాషలో ఇన్ని పేర్లుండగా, మన కరపత్రాలలో అన్నీ 'ఎలుకలు'గానే మిగలడం విచారకరం.

నూకలు 96 పాళ్లు, నూనె 2 పాళ్లు, 0.25 శాతం బ్రోమోడయోలోన్ పొడి 2 పాళ్లు కలిపిన ఎర సమర్థమైనదే. అయితే దానిని సజీవ కన్నాలలో మాత్రమే ఉంచాలి. వరి పొట్టదశలో ఎలుకల సంతానోత్పత్తి ఊపందుకుంటుంది కనుక, పిలక దశలోనే ఊరంతా ఒకేసారి చేపట్టాలి. విచక్షణ లేకుండా చల్లిన విషం చుంచులకు, విషం తిన్న ఎలుకలను పట్టే గుడ్లగూబలకు కూడా ముప్పు తెస్తుంది.

కాబట్టి గ్రామీణ వ్యవసాయ అనుభవ కార్యక్రమానికి వెళ్లే విద్యార్థులు కాలువ కింద, మెట్టలో కన్నాలను, జాతులను, ఆహార శేషాలను పంటకాలమంతా నమోదు చేయాలి. విస్తరణ శాస్త్రవేత్తలు ఆ వివరాల ఆధారంగా మండలాల వారీగా సిఫారసులు రూపొందించాలి. తెగులును గుర్తించకుండా మందు చెప్పని మనం ఎలుకల విషయంలో వేరే నియమం పాటించడం తగదు.