రౌటరు ప్రక్కన ఒక తెలుగు కాగితము

ఈ పర్యాయము మేము పాఠశాలలను గూర్చికాని, అర్జీలను గూర్చికాని వ్రాయ సంకల్పింపలేదు. ఇంటింట గోడకు తగిలించియుండి, రాత్రింబవళ్ళు దీపములు మినుకు మినుకుమనుచుండు ఆ చిన్న పెట్టెను గూర్చి వ్రాయదలచినాము. ఇది పత్రికకెక్కదగిన విషయమా యని కొందరు పెద్దలు నొసలు చిట్లింపవచ్చును. తుదివరకు చదివి పిమ్మట తీర్పు చెప్పవలసినదిగా ప్రార్థన.

మాది హోసూరులో నూనెలు, కిరాణా సరుకుల టోకు వర్తకము. ఇల్లును దుకాణమును ఒకే కప్పు క్రింద నున్నవి. ఇంటర్నెట్టు తీగయు ఒక్కటే. 2024వ సంవత్సరము వర్షాకాలములో ఒక ఉదయమున నెట్టు ఆగిపోయినది. పెట్టెను ఒకసారి ఆర్పి వెలిగించుమని ఎవరో ఫోనులో చెప్పిరి. ఆర్పుటకు మీట కానరాక, పెట్టె వెనుకనున్న సన్నని రంధ్రములో గుండుసూదిని దూర్చి, పది లెక్కించువరకు నొక్కిపట్టితిమి. దీపములన్నియు ఆరి మరల వెలిగినవి. పని చక్కబడినదని సంతోషించితిమి. తీరా చూడగా మేము చేసినది ఆర్పి వెలిగించుట కాదు; కంపెనీ మనిషి తొలినాడు ఆ పెట్టెలో నమోదుచేసి పోయిన యూజరు నేము, పాస్‌వర్డు మొదలగు సమస్తమును తుడిచివేయుట! రీస్టార్టు వేఱు, రీసెట్టు వేఱు. చిట్టాపుస్తకమును మూసి తెరచుటకును, దానిని పొయ్యిలో వేయుటకును ఎంత భేదమో అంత భేదము. కంపెనీ మనిషి వచ్చుటకు రెండు దినములు పట్టినది. సరుకు ఎక్కించిన బండి ఈ-వే బిల్లు లేక గిడ్డంగి ముందరనే నిలిచిపోయినది. చేతిలోని ఫోనునే హాట్‌స్పాటుగా మార్చి కంప్యూటరునకు నెట్టు ఇయ్యవచ్చునని మూడవనాడు మా పొరుగు దుకాణపు కుఱ్ఱవాడు చెప్పినాడు. మా ఇన్నేండ్ల వర్తకములో ఇంతకన్న నవ్వులపాలైన నష్టము మఱియొకటి లేదు.

ఆ రెండు దినములలో మాకు తోచిన ఆలోచన యిది: ప్రతి తెలుగు ఇంటను రౌటరు ప్రక్కన గోడకు ఒక తెలుగు కాగితము అంటించియుండవలెను. ఏ దీపము ఏ రంగున వెలిగినచో ఏమి చేయవలెనో, దేనిని ముట్టరాదో, మొదటిది మొదట, రెండవది పిదప, పెద్ద అక్షరములతో వ్రాసియుండవలెను. అట్టి కాగితములను సిద్ధపరచి అచ్చువేయుట మన పత్రిక చేయదగిన సేవ యని మా అభిప్రాయము. సన్మానసభల వార్తలు ఒక్కొక్క అంగుళము తగ్గినను ఎవరికిని నష్టము లేదు. సన్మానములు పొందినవారిలో మేమును ఉన్నాము గనుక ఈ మాట ధైర్యముగా చెప్పుచున్నాము.

ఈ ఆలోచనను కార్యవర్గములో చెప్పగా మూడు ఆక్షేపణలు వచ్చినవి. మొదటిది, యూట్యూబులో తెలుగు వీడియోలు కోకొల్లలుగా నున్నవి గదా యని. ఉన్నవి, వానిలో మంచివియు నున్నవి. కాని నెట్టు ఆగిపోయిననాడు నెట్టును బాగుచేయు వీడియోను చూడుమనుట, తాళపుచెవిని ఇంటిలోపల పెట్టి తలుపునకు తాళము వేసినట్లున్నది. ఫోనులో డేటా యున్నవారు చూడగలరు, నిజమే. అయినను ఆ వీడియోలోని పెట్టె వేఱు, మన గోడమీది పెట్టె వేఱు. రెండవ ఆక్షేపణ, ఇవన్నియు పిల్లలు చూచుకొందురని. మన హోసూరులో ఎందఱో పిల్లలు తెల్లవాఱగనే బెంగుళూరికి ఉద్యోగములకు పోయి రాత్రి భోజనమువేళకు గాని తిరిగి రారు. పగటివేళ ఇంటనుండువారు అవ్వలు, తాతలు, కోడండ్రు. మూడవది, పెట్టెతోపాటు ఇంగ్లీషు పుస్తకము ఎట్లును వచ్చునని. వచ్చును, అది ఆవగింజంత అక్షరములతో నుండును, అట్టపెట్టెతోపాటు పాత సామానువానికి పోవును.

ఇక మా ఇంటి కాగితములో ఏమున్నదో చెప్పెదము. మొదట దీపములు. ఫైబరు పెట్టెమీద ఎల్.ఓ.ఎస్. అను అక్షరములకడ ఎఱ్ఱదీపము వెలుగుచున్నచో, తీగలోనుండి వెలుతురు వచ్చుటలేదని అర్థము. తీగ ఎచ్చటనో తెగియుండును, లేదా మడతపడియుండును. అప్పుడు ఇంట ఏ మీట నొక్కినను ప్రయోజనము లేదు. కంపెనీకి ఫోను చేయుటయే మార్గము. ఫైబరు తీగ లోపల సన్నని గాజుపోగు ఉండును. దానిని దండెపుతాడువలె మడిచి బీరువా వెనుక ముడివేసినవారిని మేము కన్నులార చూచినాము. ఎఱ్ఱదీపము లేక, పాన్ అను దీపము నిలుకడగా పచ్చగా వెలుగుచున్నచో తీగ క్షేమమే. అప్పుడు కరెంటు ప్లగ్గును తీసి, అరనిమిషము ఆగి, మరల పెట్టి, ఐదు నిమిషములు ఏమియు ముట్టక కూర్చుండవలెను. ఈ కూర్చుండుటయే అన్నిటికన్న కష్టము! ఆ సన్నని రంధ్రముమీద మాత్రము మా ఇంటివారు ఒక బొట్టుబిళ్ళ అంటించినారు.

పిమ్మట తాళములు. చాలమంది రెండు పాస్‌వర్డులను ఒక్కటిగా భావించుచున్నారు. వైఫై పాస్‌వర్డు వీథితలుపు తాళము. చుట్టములు వచ్చిన ఇయ్యవచ్చును. రౌటరు లోపలికి పోవు పాస్‌వర్డు ఇనుపపెట్టె తాళము. అది ఎవరికిని ఈయరాదు. ఆ లోపలికి పోవు దారి సాధారణముగా 192.168.1.1 లేక 192.168.0.1 అను అంకెలు. పెట్టె అడుగున చీటీమీద అచ్చువేసియుండును. బ్రౌజరులో ఆ అంకెలు కొట్టి, కంపెనీ యిచ్చిన పాస్‌వర్డును తొలినాడే మార్చుకొనవలెను. ఇది వట్టి చాదస్తము కాదు. 2016వ సంవత్సరమున మిరాయ్ అను దుష్ట ప్రోగ్రాము, ఫ్యాక్టరీలో పెట్టిన పేర్లు పాస్‌వర్డులు అరువదికి పైగా జాబితా కట్టుకొని, వానిని మార్చని కెమెరాలలోను రౌటరులలోను లక్షలకొలదిగా చొరబడి, ఆ అక్టోబరు 21వ తేదీన పేరుమోసిన వెబ్‌సైట్లను గంటలకొలది అందకుండజేసినది. ఆ పెట్టెల యజమానులకు తమ సొత్తు పరుల పనికి వాడబడుచున్నదని తెలియనే తెలియదు. వైర్‌లెస్ సెక్యూరిటీ అనుచోట డబ్ల్యు.పి.ఏ.3 ఉన్నచో దానిని, లేనిచో డబ్ల్యు.పి.ఏ.2ను ఎంచుకొనవలెను. ఇనుపపెట్టె తాళమును గోడ కాగితముమీద వ్రాయరాదు. ఆవర్జాపుస్తకము చివరి పుటలో వ్రాసి దాచవలెను. కంపెనీవారు నమోదుచేయు యూజరు నేము, పాస్‌వర్డులను కూడ అడిగి ఆ పుటలోనే వ్రాసికొనవలెను. ఆనాడు మాకడ ఆ రెండు మాటలు వ్రాసియున్నచో బండి నిలిచెడిది కాదు.

పెట్టె ఉంచవలసిన తావును గూర్చి ఒక్క మాట చాలును: ఇంటి నడుమ, మనిషి ఎత్తున, ఇనుప బీరువాకు దూరముగా. 2.4 గిగాహెర్ట్జ్ వైఫై దూరము పోవును గాని నెమ్మది. 5 గిగాహెర్ట్జ్ వేగము గాని గోడలయెదుట నీరసించును. దుకాణపు కంప్యూటరునకు తీగయే ఉత్తమము.

కాగితము వ్రాయు భాషను గూర్చి మన పండితులతో మాకు చిన్న తగవున్నది. తెరమీద వైర్‌లెస్ సెక్యూరిటీ యని యున్నదానిని మనము నిస్తంత్రీ రక్షణ యని వ్రాసినచో, పాపము చదువరి ఆ మాటకై తెరనంతయు గాలించి అలసిపోవును. తెరమీది మాటను వినబడునట్లే తెలుగు లిపిలో వ్రాసి, ప్రక్కనే ఆ ఇంగ్లీషు అక్షరముల ఆకారమును దించవలెను. చేయవలసిన పనిని మాత్రము మన మాటలలోనే చెప్పవలెను: నొక్కుము, తీయుము, ఆగుము. ఒక వరుసకు ఒక పని మాత్రమే యుండవలెను. ఆ పని జరిగినదని ఎట్లు తెలియునో కూడ వ్రాయవలెను. మేము మెట్రిక్యులేషనుతో చదువు చాలించినవారము. భాషామతల్లికి అపచారము చేయుచున్నామని తోచినచో పెద్దలు క్షమింతురు గాక.

రెండవ కాగితము ప్రత్యక్ష ప్రసారమునకు సంబంధించినది. 2025 మార్చి 30వ తేదీన విశ్వావసు నామ సంవత్సరాది నాడు మన మంటపములో జరిగిన పంచాంగ శ్రవణమును, దూరమునందున్న బంధువులకొరకు యూట్యూబులో చూపుటకు పూనుకొంటిమి. కర్కాటకరాశివారి ఆదాయవ్యయములు చెప్పు సమయమునకు చిత్రము బిగుసుకొనిపోయినది. ఆ తరువాతి రాశులవారు మాకు చేసిన ఫోనులు లెక్కింప శక్యము కాదు. కారణములు రెండు. మంటపపు వైఫై పాస్‌వర్డు పలకమీద వ్రాసియుండెను గనుక వచ్చినవారందఱి ఫోనులు దానికే తగులుకొన్నవి. ప్రసారపు ల్యాప్‌టాపును ఆ వైఫైమీదనే నడిచినది. రెండవది మా అజ్ఞానము. నెట్టు వేగము వందయని ఉప్పొంగితిమి. అది దిగుమతి వేగము. ప్రసారమునకు కావలసినది ఎగుమతి, అనగా అప్‌లోడు. వర్తకులమైయుండి ఈ రెంటికి భేదము తెలియకపోయితిమి!

అందుచేత ప్రసారపు కాగితమును ఇట్లు వ్రాసికొంటిమి. ఛానలునకు మొదటిసారి లైవు అనుమతి వచ్చుటకు 24 గంటలు పట్టవచ్చును గనుక ఆ పని ముందుగనే ముగింపవలెను. ల్యాప్‌టాపునకు రౌటరునుండి తీగ లాగవలెను. 100 మీటర్లవరకు ఆ తీగ పనిచేయును. ఓ.బి.ఎస్. స్టూడియో అను సాఫ్ట్‌వేరు 2012 నుండి ఉన్నది, ఉచితము. దానికి రుసుము అడిగినవానిని నమ్మరాదు. సెట్టింగ్సులో స్ట్రీమ్ అనుచోట యూట్యూబును ఎంచి స్ట్రీమ్ కీని పెట్టవలెను. ఆ కీ ఎవరికి చిక్కినను వారు మన ఛానలులో తమ ఇష్టమువచ్చినది చూపగలరు. దానిని వాట్సాపు గుంపులో పంపుట మహాపరాధము. అప్‌లోడు వేగమును సభ జరుగు వేళకే మూడుసార్లు కొలచి, అన్నిటికన్న తక్కువ వచ్చినదానిలో సగమునకు మించకుండ బిట్‌రేటును పెట్టవలెను. 720 గీతల చిత్రమునకు 4000 చాలును; ఆ లెక్కన గంటకు సుమారు 1.8 గిగాబైట్లు పోవును. మాట్లాడునపుడు ధ్వని గీత కదలుచున్నదా యని చూడవలెను. స్టార్ట్ రికార్డింగ్ కూడ నొక్కవలెను. నెట్టు తెగినను ప్రతి మనకడ మిగులును. విరామములో సినిమాపాటలు వేయరాదు. హక్కుదారుల అభ్యంతరముచేత ప్రసారమే నిలిచిపోవచ్చును.

అదే సంవత్సరము దసరాకు జరిగిన హరికథను ఈ కాగితము చేతబట్టుకొనియే ప్రసారముచేసితిమి. ల్యాప్‌టాపు ముందర కూర్చున్నవారు ఇద్దరు కళాశాల బాలికలు. కంప్యూటరు పనిలో మాకన్న పదింతలు నేర్పరులు. కాని కాగితమును వారి చేతికీయగా మొగముమొగము చూచుకొన్నారు. వారు ఇంట తెలుగు మాటలాడుదురు, తెలుగు చదువనేరరు. 2006వ సంవత్సరపు చట్టముచేత ఈ రాష్ట్రమున ఒకటవ తరగతినుండి తమిళము తప్పనిసరియై, ఏటేట పైకెక్కి, 2015-16 నాటికి పదవ తరగతిని చేరినది. తమిళము నేర్చుట మంచిదే, దానివలననే మేము వర్తకము చేసికొనుచున్నాము. అయితే ఆ వరుసలో మన లిపి అనేక గృహములలో పిల్లలకు దూరమైనది. ఆనాడు విశ్రాంత ఉపాధ్యాయినియైన ఒక పెద్దామె కండ్లద్దములు సవరించుకొని వరుసకొక్క మాటగా చదువుచుండగా, బాలికలు నొక్కుచు పోయినారు. "టీచరమ్మా, ఇంకోసారి చదవండి" అని ఒకరు, "అయింది, తర్వాతిది?" అని ఒకరు. ఆమెకు ఓ.బి.ఎస్. తెలియదు, వీరికి అక్షరములు తెలియవు. రెండు గంటల హరికథ ఎచ్చటను తెగలేదు. నడుమ ఆ చిన్న బాలిక కాగితముమీదికి వంగి, తీగ యను మాటను తానే కూడబలుకుకొని చదివినది. నెట్టు బాగుచేయుటకై వ్రాసిన కాగితము ఇట్టి పనికికూడ వచ్చునని మేము ముందుగా ఊహింపలేదు.

కార్యవర్గమువారు సమ్మతించినచో నెలకొక్క కాగితము చొప్పున పత్రికలో వేయించుటకు, దానికగు అచ్చుకూలి మేమే భరించుటకు సిద్ధముగా నున్నాము. ఒడిషాలోని బరంపురమునందును, బళ్ళారియందును, షోలాపురమునందును మనవారి ఇండ్లలో పెట్టెలు వేఱు కంపెనీలవై యుండును గనుక, తమ పెట్టె అడుగున చీటీమీదనున్న మోడలు పేరును మాత్రము వ్రాసి పంపవలెను. చీటీని ఫోటో తీసి పంపవలదు. పాస్‌వర్డు కూడ దానిమీదనే యుండును. కాగితము చిత్తుప్రతిని మొదట ఇంటనున్న పెద్దవారిచేత చదివించి, వారు ఆగినచోట దిద్ది పంపగలరు. మా కాగితము ఇప్పటికి మూడుసార్లు తిరుగవ్రాయబడినది. నాలుగవ వరుసలో "ప్లగ్గును తీయుము" అని యుండగా మా అమ్మగారు ఫ్రిజ్జు ప్లగ్గును తీసినారు. అందుచేత ఇప్పుడు "నల్లతీగ ప్లగ్గును" అని యున్నది.