తిరుగును గాని వేడెక్కదు



అమెరికాలోని టెక్సాసు రాష్ట్రమునుండి యొక సోదరి మాకిట్లు వ్రాసినది: "మా బట్టలారబెట్టు డ్రయరు తిరుగుచున్నది గాని వేడి పుట్టుట లేదు. మరమ్మతునకు వచ్చినవాడు, దీనికి భాగములు తయారగుట ఆగిపోయినది, క్రొత్తది కొనుడని చెప్పి పోయెను. నిజముగా పారవేయవలసినదేనా?"

మిద్దెపై దండెమును, నెత్తిపై నెండయు గల మన యిండ్లలో నీ ప్రశ్న యేల యని కొందఱనవచ్చును. అయినను కూతునకో చెల్లెలికో పురుడు పోయుటకై ఆ దేశమేగి, చలికాలమంతయు నాలుగు గోడల నడుమ గడపి వచ్చినవారు మన పాఠకురాండ్రలో నెందఱో కలరు. మేమును వారిలో నొకరము. అక్కడ మాకు జరిగినదే యీ సోదరికి సమాధానము గనుక దానినే చెప్పెదము.

మా చెల్లెలు ప్రసవించిన యిరువదవ నాడు డ్రయరు వేడి మానినది. వెలుపల మోకాలిలోతు మంచు. శిశువు గుడ్డలు గంటకు రెండు. ఇంటిలోనే దండెము కట్టితిమి గాని, రెండు దినములలో గదియంతయు ముక్కవాసన పట్టి, కిటికీ అద్దములపై చెమ్మ కాలువలు కట్టెను. వీనికి తోడు ఆ నెలముందే మా మరిదిగారి ఉద్యోగము పోయినది. ఆ దేశమున హెచ్-1బి అనుమతిపై నుండువారికి ఉద్యోగము పోయినచో వేఱొకటి వెదకుకొనుటకు గరిష్ఠముగా 60 దినములే గడువు. అది దొరకనిచో మూటలు కట్టవలసినదే. అట్టి యింట నెవరు క్రొత్త యంత్రము కొందురు? మరమ్మతువాడు పది నిమిషములు చూచి, "హీటరు పెట్టె పోయినది, ఇది యిప్పుడు తయారగుట లేదు" అని నూఱు డాలర్లకు పైగా పుచ్చుకొని వెడలిపోయెను. ఆ రాత్రి మా చెల్లెలు తడిగుడ్డలు ముందు పెట్టుకొని యేడ్చినది. బాలింత యేడ్వరాదని మందలించితిమే గాని, మాకును కన్నీరాగలేదు.

మా వారు బడిలో భౌతికశాస్త్రము చెప్పుదురు. మీటరు పట్టుట వారివద్ద మేమును నేర్చితిమి. అచ్చటి రాత్రి మన యూర ప్రొద్దు గనుక, వారు బడికేగులోపల ఫోనులో మాటాడితిమి. వారు మొదట నడిగినది, "ఏ భాగము పోయినదో ఎవరైన కొలిచి చూచిరా?" అని. ఎవరును కొలువలేదు. నాడి చూడకయే మందు లేదని చెప్పిన వైద్యుని వంటివాడే ఆ మరమ్మతువాడు.

యంత్రము లోపలి సంగతి సులభము. ఒక ఫంకా గదిలోని గాలిని లాగి, ఎఱ్ఱగా కాగిన తీగచుట్టపై నడపి, తిరుగుచున్న పీపాలోని బట్టలలోనికి పంపును. ఆ గాలి తేమను గొని, నూగు పట్టు జల్లెడను దాటి, గొట్టము ద్వారా వెలుపలికి పోవును. గ్యాసుతో పనిచేయు డ్రయర్లు వేఱు. వాని జోలికి మనము పోరాదు, నేర్చినవానినే పిలువవలయును.

విద్యుత్తు డ్రయరు తిరుగుచు వేడి చేయకుండుటకొక కారణము యంత్రమునకు వెలుపలనే యుండవచ్చును. అమెరికా గృహములకు 240 వోల్టుల విద్యుత్తు రెండు తీగలపై వచ్చును. ఒక్కొక్కటి 120 వోల్టులది. పీపాను త్రిప్పు మోటారుకు వానిలో నొకటి చాలును, హీటరునకు రెండును కావలయును. ఒకటి తెగినచో పీపా తిరుగును, దీపము వెలుగును, వేడి మాత్రము రాదు. కనుక ముందుగా విద్యుత్తు పెట్టెలో డ్రయరునకు గల జంట బ్రేకరును (సాధారణముగా 30 ఆంపియర్లది) పూర్తిగా ఆపి మరల వేయుడు. సగము పడిన బ్రేకరు పడినట్లే కనబడదు. మీటను చల్లగాలికి త్రిప్పి మఱచితిమేమో యనియు చూడుడు. నవ్వకుడు, చిన్నపిల్లలున్న యింట నిది జరుగుచుండును.

మాకవి రెండును కావు. అప్పుడు గొట్టము చూడుమని మా వారు చెప్పిరి. యంత్రమును నడిపించి, శాలువ కప్పుకొని వెలుపలికేగి, గోడయందలి గొట్టపు మూతవద్ద చేయి పెట్టితిమి. గాలి తోపునకు ఆ మూత చక్కగా పైకి లేవవలయును. అది కదలనైన కదలలేదు. మరిదిగారు యంత్రమును ముందునకు లాగి గొట్టము విప్పగా, లోపల బూడిదరంగు నూగు దూది పరుపువలె క్రిక్కిరిసి యుండెను. ఆ గొట్టము పలుచని రేకు మడతలది. యంత్రమును గోడకు నెట్టినచోట నొక్కుకొనిపోయి, ఆ నొక్కునుండి నూగు నిండుచు వచ్చినది. మేము రెండు సంచులు నింపితిమి. మా చెల్లెలు జల్లెడను యంత్రము నడపిన ప్రతిమారును తప్పక దులుపునదే. కాని జల్లెడను దాటిపోవు నూగు సంగతి ఆమెకెవరు చెప్పిరి? ఆ దేశపు అగ్నిమాపక శాఖవారు డ్రయరు మంటలకు ముఖ్యకారణము శుభ్రము చేయకుండుటయే యని చెప్పుచున్నారు. ఆ సంచులు చూచిన పిమ్మట మాకా మాట యందు సందేహము లేకపోయినది.

పొరుగింటి వృద్ధుడొకడు మీటరు నెరవిచ్చెను. ప్లగ్గు గోడనుండి ఊడదీసిన తరువాతనే వెనుకరేకు విప్పితిమి. ఇది మఱచినవారికి రెండవ అవకాశముండదు. రేకు అంచులు కత్తులవలె నుండును గనుక చేతికి మందపు గుడ్డ చుట్టుకొనుడు. మేము చుట్టుకొనక వ్రేలు కోసికొంటిమి. ఏ భాగమును కొలిచినను దానికి గల తీగలలో నొకదానిని ఊడదీసియే కొలువవలయును, లేనిచో మీటరు ఇతర మార్గముల లెక్కను చూపి మోసగించును. తీగల స్థానమును ముందుగా ఫోనుతో ఫొటో తీసికొనుడు.

మొదట తీగచుట్ట. నికెలు, క్రోమియములు కలిసిన యీ లోహమునకు 1906లో ఆల్బర్టు మార్షు పేటెంటు పొందెను. ఎఱ్ఱగా కాగినను త్వరగా తుప్పుపట్టి చెడిపోదు గనుకనే నేటికిని హీటర్లలో నదియే. 5400 వాట్ల చుట్ట 240 వోల్టులపై 22.5 ఆంపియర్లు లాగును, కనుక మీటరుపై సుమారు 10, 11 ఓములు చూపవలయును. చుట్ట తెగినచో మీటరు కదలదు. మాది 11 చూపినది. అనగా మరమ్మతువాడు "పోయినది" అన్న హీటరు చెక్కుచెదరలేదు.

ఆ హీటరు పెట్టెకే అంటుకొని రెండు చిన్న బిళ్ళలున్నవి. ఒకటి థర్మోస్టాటు: వేడి మితి మీఱగా తెగి, చల్లారగా తిరిగి కలియును. దానిపై ఎల్ 250 వంటి గుర్తుండును. ఫారన్‌హీటు 250 డిగ్రీలవద్ద, అనగా సుమారు 121 సెల్సియసువద్ద, తెగునని దాని యర్థము. రెండవది ఉష్ణపు ఫ్యూజు: ఒక్కమారు తెగినచో మరల కలియదు. చల్లగా నున్నప్పుడు రెండును సున్నకు సమీపముగా చూపవలయును. మా ఫ్యూజు తెగియుండెను. చిటికెనవ్రేలి గోరంత వస్తువు! మన స్నానపుగదుల గీజర్లలో కూడ నిట్టి కాపరి బిళ్ళలే యుండును గనుక ఇచ్చటి పాఠకురాండ్రును వీనిని గుర్తుంచుకొనదగును.

ఇక్కడనే యింటిలో తగవు పుట్టినది. భాగము దొరకదనుకొన్న మరిదిగారు, "వదినగారూ, ఆ రెండు తీగలను కలిపివేసిన చాలును. యంత్రము నడచును. ఈ నెల గడచిన చూచుకొందము" అనిరి. ఇంటర్నెట్టున నెవరో అట్లు చేసి చూపిరట. వారి ఆతురత మాకు తెలియనిది కాదు. రోజునకు పది ఉత్తరములు వ్రాసి, పదింటికిని సమాధానము లేక కూర్చున్న మనిషి. చెల్లెలు కూడ, "అక్కా, రెండు రోజులకే కదా" అన్నది. మేమొప్పుకొనలేదు. ఆ ఫ్యూజు తనంతట చెడలేదు. గొట్టము మూసికొని వేడి పోవుదారి లేక, మంట పుట్టకుండ తాను తెగి యిల్లు కాచినది. దానిని దాటించి తీగలు కలిపినచో, మఱల వేడి మితి మీఱిననాడు ఆపువాడు లేడు. శిశువు తొట్టి సరిగా ఆ యంత్రమునకు పైగదిలో నున్నది. "మరిదిగారూ, ఆ తీగలు కలిపినచో మేమా తొట్టియొద్దనే రాత్రులు మేలుకొని కూర్చుందుము" అంటిమి. వారు మాటాడక స్క్రూలు గిన్నెలో వేసి లేచిపోయిరి. ఆ రాత్రి భోజనమువేళ నెవరును నోరు విప్పలేదు.

దొరకదను మాట యెట్టిదో మరునాడు తెలిసినది. తలుపు లోపలి అంచునందు అంటించిన చీటిలో యంత్రపు నంబరుండును. దానితో ఇంటర్నెట్టున వెదకగా, తయారాగినది హీటరు పెట్టె మొత్తము. ఆ ఫ్యూజును థర్మోస్టాటును మాత్రము జంటగా, పాతనంబరు తీసివేసి క్రొత్తనంబరుతో అమ్ముచున్నారు. ఇరువదియైదు డాలర్ల లోపే! మరమ్మతువాడు మొత్తపు నంబరునే వెదకి విడిచెను. కంపెనీలు కలియుట వలనను నంబర్లు మాఱుచుండును, 2006లో మేటాగు వర్ల్‌పూలులో కలిసినది. ఒకరు చేసినది మఱొకరి పేరుతో అమ్ముడగుటయు కలదు. సియర్సువారి కెన్మోరు యంత్రములలో 110తో మొదలగు నంబరువి వర్ల్‌పూలువారు చేసినవి. కనుక ఒక పేరుతో దొరకనిది వేఱొక పేరుతో దొరకవచ్చును. బిళ్ళ మార్చునపుడు డిగ్రీలు, ఆంపియర్లు, ఆకారము మూడును సరిపోవలయును. ఎక్కువ డిగ్రీలది వేయుట కాపరిని నిద్రపుచ్చుటయే.

టెక్సాసు సోదరి చుట్టయే తెగియుండినచో? తెగిన కొనలను మెలివేసి కలుపకుడు, ఆ ముడి వేడెక్కి మరల తెగును. అదే వాట్లకు అదే వోల్టులకు తగిన తీగచుట్ట విడిగా అమ్ముదురు, పనివానిచే పాతపెట్టెలో నెక్కించుకొనవచ్చును. చుట్టయు బిళ్ళలును బాగున్నచో మోటారునందలి స్విచ్చిని చూపించుడు. మోటారు వేగమందుకొనిన పిమ్మటనే హీటరునకు దారి యిచ్చునది అదియే. పాత యంత్రములు విప్పి భాగములమ్మువారియొద్ద మోటార్లు, మీటలు కొనవచ్చును గాని, కాపరి బిళ్ళలు మాత్రము క్రొత్తవే కొనుడు. తీగకొనలు నల్లగా కాలి, పెట్టె రేకు తుప్పుతో చిల్లులుపడినచో అప్పుడు యంత్రమునకు సెలవిచ్చుటయే మేలు. ఐరోపా సంఘమువారు 2021 మార్చినుండి బట్టలుతుకు యంత్రములకు ముఖ్యభాగములు కనీసము 10 సంవత్సరములు దొరకవలెనని నిబంధన చేసిరి. మరమ్మతువాని మాటపై నాధారపడుటకంటె నట్టి చట్టము గృహిణులకు మేలు.

మూడవనాడు భాగములు వచ్చినవి. మడతల గొట్టము తీసి 4 అంగుళముల గట్టి లోహపు గొట్టము వేసిరి. దాని వెల ఫ్యూజు వెలకు మించినది! మరిదిగారే బిళ్ళలు బిగించి, ప్లగ్గు పెట్టి, తలుపునకు చేయి ఆనించి నిలిచిరి. "వదినగారూ, వెచ్చబడినది" అనిరి. నాలుగు దినముల తరువాత వారు మాతో పలికిన మొదటి మాట యది. మేము మంచులోనికేగి చూడగా గొట్టపు మూత పైకి లేచి, పొగవలె ఆవిరి వెడలుచుండెను.

గడువులో నేబదియొకటవ దినమున వారికి వేఱొక నగరమున ఉద్యోగము దొరకెను. యంత్రమును ఆ యింటనే, తరువాత రాబోవు దంపతులకు విడిచిరి. దాని ప్రక్కరేకుపై మా చెల్లెలు ఫ్యూజు నంబరును, మార్చిన తేదిని, గొట్టము శుభ్రము చేయవలసిన నెలలను వ్రాసి అంటించినది.

టెక్సాసు సోదరి తలుపు లోపలి నంబరును, మీటరు చుట్టకెంత చూపినదో, బిళ్ళలకెంత చూపినదో వ్రాసినచో పై నెల సంచికలో దానిని గూర్చి వివరింతుము.