రిజిస్టరులో హిందువు, ఆదివారం క్రైస్తవుడు

గద్వాల జిల్లా అయిజ చుట్టుపక్కల సర్కారు బడుల్లో అడ్మిషన్ రిజిస్టరు తెరిస్తే కులం పక్కనే మతం గడి ఉంటది. ఆదివారం చర్చిలో ముందు వరుసన కూర్చొని పాడిన మాదిగ పిల్లగాడు సోమవారం ఆ గడిలో ‘హిందూ’. చెప్పేది తండ్రి, రాసేది సారు. నిజం ఇద్దరికీ ఎరుకే, ఇద్దరూ తలెత్తరు. క్రైస్తవం గురించి మన బడి నేర్పే మొదటి పాఠం ఇదే: దాచిపెట్టు.

తండ్రిని దొంగ అంటారా? 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు చదవండి. చర్చికి పోయినోడు ఎస్సీ కాడట. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు తలుపు తీశారు. క్రైస్తవ దళితుడికి మిగిలింది బీసీ-సీ కింద ఒక్క శాతం రిజర్వేషన్. బాప్తిస్మం తీసుకున్నాడని ఊరు పిలిచే పిలుపు మారిందా? పెద్దకులపోళ్లు పిల్లనిచ్చారా? కులం వదల్లేదు, ఎస్సీ రిజర్వేషన్ మాత్రం ఊడింది. ఆ అబద్ధం పలికించింది సర్కారే.

పోనీ, పాఠంలోనైనా క్రైస్తవం గురించి చెప్తారా? గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలులో నిజాం కాలంలోనే మెన్నొనైట్ క్రైస్తవ మిషన్ పనిచేసింది. అంటరానివాళ్లని తరిమిన పిల్లలకు మిషన్ బడులు పలక చేతికిచ్చాయి. ఇది పాలమూరు చరిత్ర. ఏ సారూ దీన్ని క్లాసులో చెప్పగా నేను వినలేదు.

చెప్పమంటే, మతప్రచారం అంటూ లేస్తారు కొందరు. పూర్తిగా సర్కారు సొమ్ముతో నడిచే బడిలో మతబోధన వద్దన్నది రాజ్యాంగం 28వ అధికరణం. మతాల గురించి చదువు వద్దనలేదు. 2002లో అరుణా రాయ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిందీ అదే. సరస్వతీ పూజ నాడు నిద్రపోయే ఈ అధికరణం ఏసు పేరెత్తగానే ఉలిక్కిపడి లేస్తదేం?

మిషన్ బడుల యాజమాన్యాలూ సంబరపడకండి. తల్లిదండ్రులు ఒప్పుకోకుండా ఎవరి పిల్లనూ ప్రార్థనలో కూర్చోబెట్టొద్దని అదే అధికరణం మీకూ చెప్పింది.

ఎస్సీ హోదాకు పెట్టిన మతం షరతు తీసేయమని రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లోనే చెప్పింది. ఎమ్మెల్యేలూ, ఎంపీలూ, క్రిస్మస్‌కు కేకు కోయడానికి వస్తారు గదా, ఈసారి ఆ నివేదిక ఏమైందో చెప్పి కత్తి పట్టుకోండి.