ఆ కస్టమర్ కేర్ ఎవరి కోసం?

ఆర్మూరు రైతు పసుపును నిజామాబాదు యార్డుకు తరలించినప్పుడు తూకంలోనో ధరలోనో అన్యాయం జరిగితే నిలదీయడానికి ఎదురుగా ఒక మనిషి ఉంటాడు. కమీషన్ ఏజెంటు దుకాణం ఎక్కడికీ పోదు, చేతిలో తక్‌పట్టీ ఉంటుంది, పైన మార్కెట్ కమిటీ ఉంటుంది. న్యాయం దొరుకుతుందా అన్నది వేరే మాట. ఆ సంగతి పసుపు రైతుకు మేము చెప్పనవసరం లేదు. ఆన్‌లైన్ బెట్టింగు సైటుకు ఆ ఎదుటి మనిషే లేడు.

ఈ మధ్య మా వద్దకు వస్తున్న తల్లిదండ్రుల మాట దాదాపు ఒక్కటే: "పిల్లవాడు గెలిచిన డబ్బు ఇవ్వడం లేదు, కస్టమర్ కేర్ పలకడం లేదు." ఒక ఇంట తండ్రి గల్ఫ్ నుంచి పంపిన సొమ్ముతో కుమారుడు ఆడాడు. మొదట చిన్న మొత్తాలు వెంటనే ఖాతాలో పడ్డాయి. పెద్ద మొత్తం అడిగేసరికి 'పెండింగ్' అన్నారు, ఆధార్ మళ్లీ పంపమన్నారు, ఆపై ముప్పై శాతం పన్ను ముందుగా కడితేనే విడుదల చేస్తామన్నారు. అతడు ఇంటర్నెట్‌లో వెదికి పట్టుకున్న మరో 'కస్టమర్ కేర్' నంబరువాడు ఫోనులో ఒక యాప్ వేయించి, ఖాతాలో మిగిలినదీ ఊడ్చుకుపోయాడు.

ఆన్‌లైన్ ఆటల నికర గెలుపుపై 30 శాతం పన్ను 2023 ఏప్రిల్ నుంచి నిజంగానే ఉన్నది. అయితే దానిని గెలిచిన సొమ్ములోంచే మినహాయిస్తారు. ముందు నీవు పంపు అన్నవాడు దొంగ.

కనుక ఇది సేవాలోపం కాదు, ఆ వ్యాపారమే అది. పందెం ఒప్పందం చెల్లదని, గెలుపు కోసం దావా వేయరాదని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 30వ సెక్షన్ చెబుతున్నది. మన రాష్ట్రం 2017లోనే గేమింగ్ చట్టాన్ని సవరించి ఆన్‌లైన్ పందేలను నిషేధించింది. 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం పొందిన కేంద్ర చట్టం, డబ్బు పెట్టి ఆడించేవారికి మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా విధించింది. ఆ చట్టంలో ఆడినవారికి శిక్ష లేదు. రాష్ట్ర చట్టం గురించి భయమున్నవారు 15100కు ఫోను చేసి న్యాయసేవాధికార సంస్థ సలహా తీసుకోవచ్చు. మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం ఉన్నది, తల్లి వెళ్లి అడగవచ్చు.

మన ఇళ్లలో అసలు అడ్డంకి చట్టం కాదు, సిగ్గు. జూదం హరాం అన్నది అల్ మాయిదా సూరా 90వ ఆయత్ తెలిసిన ప్రతి ఇంటికీ తెలుసు. అందువల్లనే బయట చెప్పుకోరు. మస్జిదులో నలుగురికి తెలిస్తే కూతురి సంబంధం ఏమవుతుందన్న బెంగ. ఆ మౌనమే మోసగాడికి పెట్టుబడి. మన జిల్లాలోనే 2024 అక్టోబరులో కుమారుడి బెట్టింగు అప్పులు ఒకే కుటుంబంలో ముగ్గురిని బలిగొన్నాయి. అది ముస్లిం కుటుంబం కాదు. అప్పు మతం చూడదు. ఇమాము సాహెబులు జుమా బయానులో జూదం పాపమని చెప్పడంతో ఆగక, మోసపోయినవాడు ఎక్కడికి వెళ్లాలో కూడా చెప్పాలని మా అభ్యర్థన. గెలుపు సొమ్ము ఆశించడం వేరు, దోచుకున్నవాడిపై ఫిర్యాదు చేయడం వేరు.

ఆ ఫిర్యాదుకు గంటలే ముఖ్యం. 1930కు వెంటనే ఫోను చేస్తే, సొమ్ము మరో ఖాతాకు మారకముందే బ్యాంకులు నిలిపివేసే అవకాశం ఉంటుంది. లావాదేవీ యూటీఆర్ నంబరు, డబ్బు పంపిన యూపీఐ చిరునామా, చాట్ ఫోటోలు చెరిపివేయరాదు.

మరొక్క సంగతి. ఈ సైట్ల సొమ్ము తరచుగా సాధారణ యువకుల ఖాతాల మీదుగా పోతుంది. కొద్దిపాటి కమీషన్‌కు పాస్‌బుక్కు, ఏటీఎం కార్డు, సిమ్ము అద్దెకిచ్చిన పిల్లవాడి గడపకే పోలీసు ముందు వస్తాడు. సైటు నడిపేవాడు ఏ దేశంలో ఉన్నాడో ఎవరికీ తెలియదు. డిగ్రీ చదివే పిల్లలున్న ఇళ్లలో ఈ వారమే ఆ కార్డులు ఎక్కడున్నాయో అడగండి. అర్జీ రాయవలసివస్తే ఉద్యోగ జీవితమంతా మేము చేసిన పని అదే; ఆధారాలతో వస్తే కూర్చుని రాసిస్తాము.