గ్యాసేలే అనుకోకండి!

షార్జాలో మా పై ఫ్లాట్ అక్క రెండేళ్ళ క్రితం గ్యాస్ట్రిక్ బైపాస్ చేయించుకుంది. నలభై కిలోలు తగ్గింది. మొన్న వేసవి సెలవులకి విజయవాడ ప్రయాణం ఇంకా రెండు రోజులుందనగా, అన్నం తిన్న కాసేపటికి బొడ్డు చుట్టూ మెలిపెట్టే నొప్పి మొదలైంది. "గ్యాసేలే, వాము నీళ్ళు తాగితే పోతుంది" అంది. నాకు మనసొప్పలేదు. బావగారూ నేనూ బలవంతంగా ఎమర్జెన్సీకి తీసుకెళ్ళాం. స్కాన్‌లో పేగు ఇరుక్కున్నట్టు తేలింది. ఆ రాత్రే ఆపరేషన్. పేగు దక్కింది.

ఎప్పుడో చేసినదానికి ఇప్పుడేమిటి అని మీకూ అనిపిస్తుంది. బీఎస్సీ చదివిన ప్రాణం కదా, ఊరుకోలేక తెలుసుకున్నాను.

ఈ ఆపరేషన్లో పొట్ట పైభాగాన్ని సుమారు 30 మిల్లీలీటర్లు, అంటే రెండు టేబుల్ స్పూన్లు పట్టే సంచిగా విడదీస్తారు. చిన్నపేగుని కత్తిరించి, కింది కొసను పైకి తెచ్చి ఆ సంచికి కలుపుతారు. పై కొసను కిందుగా అదే పేగుకి అతుకుతారు. 1993లో అమెరికాలో విట్‌గ్రోవ్, క్లార్క్ అనే సర్జన్లు దీన్ని మొదటిసారి లాపరోస్కోపీతో చేశారు. అతుకు దగ్గర లీకుందేమోనని గాలి గానీ నీలం రంగు ద్రవం గానీ పంపి చూస్తారు.

పేగు దారి మార్చినప్పుడు దాన్ని పట్టి ఉంచే పొరలో సందులు ఏర్పడతాయి. బరువు తగ్గి అక్కడి కొవ్వు కరిగేకొద్దీ అవి పెద్దవవుతాయి. వాటిలో పేగు దూరితే రక్తం అందక చచ్చుబడిపోవచ్చు. అందుకే చాలామంది సర్జన్లు వాటిని ముందే కుట్టేస్తారు. స్వీడన్‌లో రెండున్నర వేల మందిపై చేసిన పరిశోధన 2016లో లాన్సెట్‌లో వచ్చింది. పేగు అడ్డంకికి మూడేళ్ళలో మళ్ళీ ఆపరేషన్ అవసరమైనవాళ్ళు సందులు కుట్టనివాళ్ళలో 10.2 శాతం, కుట్టినవాళ్ళలో 5.5 శాతం. అయితే కుట్టినవాళ్ళలో మొదటి నెలలో పేగు మడతపడే ఇబ్బంది కాస్త పెరిగింది. కాబట్టి చెయ్యి తిరిగిన సర్జన్ కావాలి.

చేయించుకోబోయేవాళ్ళు "సందులు కుడతారా? లీకు పరీక్ష చేస్తారా?" అని మొహమాటపడకుండా అడగండి. చేయించుకున్నవాళ్ళు ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ సొంతంగా మింగొద్దు, అతుకు దగ్గర పుండు పడుతుంది. బీ12, ఐరన్, కాల్షియం జీవితాంతం వాడాల్సిందే. గర్భానికి కనీసం ఏడాది, ఏడాదిన్నర ఆగమంటారు. గర్భంతో ఉన్నప్పుడు కడుపునొప్పి వస్తే అస్సలు తాత్సారం చేయొద్దు. డిశ్చార్జి కాగితాల ఫోటో ఫోన్లో ఉంచుకోండి. ఇండియాలో ఏ డాక్టరుకి చూపించినా ముందు ఈ ఆపరేషన్ సంగతి చెప్పండి.

అక్క ఇప్పుడు బాగుంది. టికెట్ డబ్బులు పోయాయని మాత్రం ఇంకా సణుగుతూనే ఉంది. సణగనివ్వండి, మనిషి ఉంది కదా!