ముత్యాల కోర్సుకు ఫీజు కట్టే ముందు

‘ఇంటి వెనక ట్యాంకులో ముత్యాలు పెంచండి, లక్షలు సంపాదించండి’ అనే రీల్ మీ ఫోన్‌లోకీ వచ్చే ఉంటుంది. ముత్యాల సాగే మోసం అని నేను అనను. కానీ అసలు ముత్యం ఎలా తయారవుతుందో తెలిస్తే, ఆ రీల్ ఏం దాస్తోందో మీకే అర్థమవుతుంది.

స్వాతి చినుకు ఆల్చిప్పలో పడితే ముత్యం అవుతుందని పెద్దవాళ్లు చెప్పారు. ఇసుక రేణువు అని స్కూల్లో చెప్పారు. రెండోదీ దాదాపు కథే. ఇసుకలో బతికే జీవికి ఇసుకను బయటికి తోసేయడం రాదా? చిప్పకి లోపలివైపు మాంటిల్ అనే పల్చటి పొర ఉంటుంది. చిప్ప లోపలి మెరుపు దాని పనే. ఏ పరాన్నజీవో తొలిచినా, దెబ్బ తగిలినా ఆ పొరలోని కణాలు కొన్ని లోపలి కండలోకి చేరతాయి. చోటు మారినా పని మానవు. సంచిలా ఏర్పడి, కాల్షియం కార్బొనేట్‌ని ప్రోటీన్ జిగురుతో పొర మీద పొరగా పేరుస్తాయి. అదే సహజ ముత్యం.

ఈ యాక్సిడెంట్‌ని మనిషి కావాలని చేస్తే కల్చర్డ్ ముత్యం. ఒక చిప్ప నుంచి మాంటిల్ ముక్క కోసి, ఇంకో చిప్ప బీజకోశంలో గాటు పెట్టి, గుండ్రటి పూసతో కలిపి లోపల ఉంచుతారు. జపాన్‌లో మికిమోటో 1893లో సాధించింది చిప్పకి అతుక్కున్న అర ముత్యాలనే. గుండ్రటి వాటి వెనక మిసే, నిషికవాల పని ఉంది. పేరు మాత్రం మికిమోటోకే వచ్చింది! మన దగ్గర 1973లో తూత్తుకుడిలో ప్రభుత్వ శాస్త్రవేత్తలు సాధించారు. కాబట్టి కల్చర్డ్ అంటే నకిలీ కాదు. పైపొర అదే, తేడా పట్టుకోవాలంటే ఎక్స్‌రే తీయాల్సిందే.

అంటే ఇది సర్జరీ. కొన్ని చిప్పలు చచ్చిపోతాయి, కొన్ని పూసని బయటికి నెట్టేస్తాయి. మిగిలినవాటిలోనూ గుండ్రంగా మెరిసేవి కొన్నే. పైగా ఏడాదో, ఇంకా ఎక్కువో ఆగాలి. రీల్‌లో చూపించే వినాయకుడి బొమ్మ ముత్యాలు వేరు. చిప్పకీ మాంటిల్‌కీ మధ్య అచ్చు దూర్చితే వస్తాయవి. చార్మినార్ దగ్గర హారం రేటు చూసి వాటికి లెక్క కట్టకండి. చైనా నుంచి మంచినీటి ముత్యాలు గుట్టలుగా వస్తున్నాయని కూడా గుర్తుంచుకోండి.

నిజంగా ఆసక్తి ఉంటే భువనేశ్వర్‌లోని కేంద్ర మంచినీటి ఆక్వాకల్చర్ పరిశోధన సంస్థ శిక్షణ ఇస్తుంది, ముందు అక్కడ కనుక్కోండి. ప్రైవేటు కోర్సే అయితే మూడు ప్రశ్నలు అడగండి: పోయిన బ్యాచ్‌లో ఎన్ని చిప్పలకు ఆపరేషన్ చేశారు, ఎన్ని బతికాయి, ముత్యాలు ఎవరు ఏ రేటుకి కొన్నారు? బిల్లు చూపించమనండి.